సమాధి చుట్టూ తోట ఎందుకు?

ఉద్యోగం బెంగళూరులో, ఇల్లు తిరుపతిలో. నెలకోసారైనా కోలారు, ముళబాగిలు, పలమనేరు, మొగిలి ఘాట్, చిత్తూరు మీదుగా వస్తుంటాను. ఈ దారికో పాత కథ ఉందని ఈమధ్యే తెలిసింది. 1782 డిసెంబరులో హైదర్ అలీ చనిపోయింది మా చిత్తూరు పక్కనే, నరసింగరాయనిపేట దగ్గర దిగిన దండులో. వీపు మీద రాచపుండు. కొడుకు టిప్పు మలబారు వైపు యుద్ధంలో ఉన్నాడు. వార్త పొక్కితే సైన్యం చెదిరిపోతుందని శవాన్ని సుగంధపు పొడి నింపిన పెట్టెలో పెట్టి, ఖజానా తరలిస్తున్నట్టు కోలారు పంపించారు. అక్కడ తండ్రి సమాధి దగ్గర కొన్నాళ్లుంచి, తర్వాత శ్రీరంగపట్నం చేర్చారు.

పెట్టె ఎక్కడ ఆగిందో చూద్దామని ఒక ఆదివారం గుంబజ్‌కి వెళ్లాను. టిప్పు కట్టించింది. తిన్నటి బాట, అటూ ఇటూ సరుగుడులా నిటారుగా లేచిన సైప్రస్ చెట్లు, చివర తెల్లటి గోపురం. చుట్టూ నున్నటి నల్లరాతి స్తంభాలు, లోపల గోడల మీద పులిచారలు, మూడు సమాధులు: హైదర్, అతని భార్య, టిప్పు. మొఘలులు కట్టింది కాదు గానీ, ఊహ వాళ్లదే. ఢిల్లీలో హుమాయూన్ సమాధికి నాలుగు భాగాల తోట వేసినప్పుడు ఈ దేశంలో మొదలైన ఊహ. చనిపోయినవాడికి స్వర్గాన్ని ముందే నాటి ఇవ్వడం.

అరుగు మీద కూర్చున్నాను. చాలా హాయిగా ఉంది. ఆ హాయే నన్ను ఇబ్బంది పెట్టింది.

ఎందుకంటే, 1780లో ఇదే హైదర్ దాదాపు 80 వేల మందితో ఆర్కాటు సీమ మీద పడ్డాడు. ఇంగ్లీషు సైన్యానికి గింజ దొరక్కూడదని మద్రాసు చుట్టూ, వేలూరు చుట్టూ ఊళ్లు తగలబెట్టించాడు. వేలూరు మా చిత్తూరికి గంట దూరం. 1782 కల్లా మద్రాసులో కరువు. ఆ చచ్చిపోయినవాళ్లకి తోటల్లేవు. తమిళంలో ఇప్పటికీ బాగా పాతబడిన వస్తువుని 'ఐదరు కాలం నాటిది' అంటారు. అంత కాలం ఒక మాట మిగిలింది, మనుషుల పేర్లు మిగల్లేదు.

ఇక్కడ మనకి రెండు రెడీమేడ్ జవాబులున్నాయి. ఇంగ్లీషువాళ్లతో పోరాడాడు కాబట్టి దండం పెట్టు. ఊళ్లు కాల్చాడు కాబట్టి గడప తొక్కకు. రెండూ నన్ను తీర్పు చెప్పమంటాయి. చెప్పేస్తే ఇక ఆలోచించే పని ఉండదు. నా చిక్కు వేరు. కాల్చిన ఊళ్ల సంగతి తెలిసి కూడా నాకు అక్కడ హాయిగా అనిపించింది. అది తప్పా?

మా తాత అస్థికలు కాళహస్తిలో స్వర్ణముఖిలో కలిపాం. గుర్తుగా రాయి కూడా లేదు. మేమేదో నిరాడంబరులమని మురిసిపోయేవాణ్ణి. గుంబజ్ దగ్గర కూర్చున్నాక ఆ మురిపెం తగ్గింది. గుర్తు వద్దనుకోవడం వేరు, గుర్తు పెట్టేవాళ్లే మిగలకపోవడం వేరు. తాతకి ఏటా తద్దినం పెట్టేవాళ్లం ఉన్నాం. ఆ కాలిన ఊళ్లవాళ్లకి ఎవరున్నారు?

లేవబోతుంటే ఒకాయన పైపు పట్టుకుని చెట్లకి నీళ్లు పెడుతూ కనిపించాడు. రాయిని వందేళ్లు ఎవరూ పట్టించుకోకపోయినా నిలబడి ఉంటుంది. తోటని ఒక్క ఎండాకాలం వదిలేస్తే పోతుంది. అంటే ఈ హాయి 18వ శతాబ్దం నుంచి అలాగే వచ్చింది కాదు, ఈరోజు పొద్దున నీళ్లు పోసి తయారుచేసింది. రాజు కీర్తి పాతదే, చాకిరీ మాత్రం ఇప్పటిది. మన డబ్బుతో, మన నీళ్లతో.

అప్పుడు నా ప్రశ్న కొంచెం మారింది. ఆ హాయిని అనుభవించడం తప్పు కాదనుకుంటాను. అది కేవలం గోపురం కింద ఉన్నవాడిదే అనుకోవడం తప్పు. తోట వేసిన తీరే మన కళ్లని నేరుగా మధ్యకి లాక్కుపోతుంది. చూసేవాడు కాస్త ప్రయత్నం చేసి అంచులకేసి కూడా చూడాలి. అలా చూస్తే ఎవరి బాకీ తీరదు, నిజమే. కానీ బాకీ ఉందని ఒప్పుకోవడానికైనా ఒక చోటు కావాలి కదా. ఆ చోటు కోసమైనా తోటకి నీళ్లు పోయాల్సిందే.

ఈసారి ఇంటికి వచ్చేటప్పుడు చిత్తూరులో దిగి, నరసింగరాయనిపేటకి దారెటో అడగాలి.