సమాధి కూజా - ఇంటి కుండ



లండనులోని బ్రిటిష్ మ్యూజియములోను, న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియములోను చైనా దేశపు పురాతనమైన ఆకుపచ్చని మట్టి పాత్రలు కలవు. అవి హాన్ రాజుల కాలమునాటివి, అనగా క్రీ.పూ. 206 నుండి క్రీ.శ. 220 వరకు గల కాలములో చేసినవి. వాటిలోని కూజాలను కంచు పాత్రల ఆకారములో చేసి, సీసము, రాగి కలిపిన మెరుగు పూసి కాల్చిరి. చూచుటకు ఎంతో అందముగా నుండును. అయితే ఇట్టివి ముఖ్యముగా బ్రతికినవారి కొరకు చేసినవి కావు. చనిపోయినవారికి లోటు కలుగకూడదని సమాధులలో ఉంచుటకు చేసినవి. ఆ పూతలోని సీసము తిండిలోనికి దిగితే విషమే. వంటయింటి అరుగుదల, దెబ్బలు వాటికి తగులలేదు గనుక అవి ఇంతకాలము నిలిచినవి.

మనకు దగ్గరలో, మదురై దాటిన తరువాత శివగంగై జిల్లాలో కీళడి ఉన్నది. అక్కడి త్రవ్వకములలో జనులు కాపురమున్న చోట కుండ పెంకులు దొరికినవి. కొన్నిటిమీద తమిళ బ్రాహ్మీ అక్షరములతో మనుష్యుల పేర్లు గీసియున్నవి. 2023లో తెరచిన మ్యూజియములో వాటిని చూడవచ్చును. అవి పగిలినవి, అయినను ఒకప్పుడు ఇండ్లలో పనిచేసినవి.

ఈ రెంటిలో ఏది ధన్యమైన పాత్ర? పగలక నిలిచినదా, పనిచేసి పగిలినదా?

దాచుట తప్పని మనము చెప్పరాదు. యిర్మీయా పొలము కొన్నప్పుడు, క్రయపత్రములను మట్టికుండలో దాచవలెనని దేవుడే ఆజ్ఞాపించెను (యిర్మీయా 32). అయితే అది జనులు తిరిగివచ్చి ఆ దేశములో పొలములు కొనే దినము కొరకు దాచినది. మరల తీయుటకు దాచుట వేరు, ఎన్నడును తీయకుండ దాచుట వేరు.

మన తెలుగు సంగతి ఆలోచించుదము. తేని, మదురై, కోయంబత్తూరు ప్రాంతముల తెలుగువారిలో అనేకుల పితరులు విజయనగర, నాయక రాజుల కాలములో వచ్చినవారు. తెలుగు బడి లేకపోయినను, లిపి రాకపోయినను ఆ భాష ఇన్ని తరములు నిలిచినది. అరవ మాటలు కలిసినవి, అంచులు అరిగినవి. అయినను తల్లులు వంటయింట వాడిరి గనుక బ్రదికినది.

మరి మన ఇండ్లలో తెలుగు బైబిలు ఎక్కడ ఉన్నది? గుడ్డ చుట్టి బీరువాలో ఉన్నదా? ఆరాధనలో ఒక చిన్నవాడు వాక్యము తప్పుగా చదివితే పెద్దలము నవ్వుదుము. వాడు మరల లేచి చదువడు. భాషను కాపాడితిమనుకొందుము గాని, దానిని సమాధిలో పెట్టినవారమగుదుము. వాడుకకు ఇచ్చిన పాత్ర అంచు విరుగును. దానికి మనము ఒప్పుకొనవలెను.

ఇంకొక మాట. ఐశ్వర్యము వాక్యమే, భాష మంటిపాత్ర (2 కొరింథీ 4). బిడ్డకు తెలుగులో అర్థము కాకపోతే అదే భాగమును అరవములోను చదివించుదము. పాత్ర కొరకు దాహముగల వానికి నీళ్లు మానరాదు.

కాబట్టి ఈ వారము కుటుంబ ప్రార్థనలో బిడ్డల చేత ఒక్క వచనమైనను తెలుగులో చదివించుదము. తప్పులను తరువాత ప్రేమతో దిద్దుదము. ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.