రాసే చేతికీ హద్దులున్నాయి

అల్లాహ్ మానవునికి ప్రసాదించిన గొప్ప వరాలలో కలం ఒకటి. హిరా గుహలో దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) గారిపై అవతరించిన తొలి వాక్యాలలోనే కలం ప్రస్తావన ఉంది. దివ్య ఖుర్ఆన్‌లో 68వ సూరా పేరే ‘అల్ ఖలమ్’. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు దాన్ని రాసిపెట్టుకోవాలని బఖరా సూరా 282వ ఆయత్‌లో అల్లాహ్ ఆదేశించాడు. దివ్యగ్రంథంలో అన్నిటికన్నా పెద్ద ఆయత్ అదే. కనుక రాయడం తప్పు కాదు. రోజంతా జరిగిన మంచిచెడ్డలు రాసుకుని ఆత్మీయులతో పంచుకోవడమూ తప్పు కాదు. అయితే మన ధర్మం నాలుకకు ఏ హద్దులు పెట్టిందో, చేతికి కూడా అవే హద్దులున్నాయి. ఈ మాటను మనలో చాలామందిమి మరచిపోతున్నాము.

పూర్వం ఎవరైనా దినచర్య రాసుకుంటే ఆ నోటుపుస్తకం సందుగలో బట్టల కింద ఉండేది. ఇప్పుడది చేతిలోని ఫోనులోకి వచ్చింది. మా మొగుళ్లపల్లినే చూడండి. చిన్ననాడు ఒకే మస్జిదులో పక్కపక్కన కూర్చుని ఖాయిదా చదువుకున్న మిత్రుల్లో ఒకరు పరకాలలో దుకాణం నడుపుతుంటే, మరొకరు హైదరాబాదులో డ్రైవరు, ఇంకొకరు సౌదీలో. ఇషా నమాజు తర్వాత అందరూ వాట్సప్‌లో ఒక్కచోట చేరి ఆ రోటి ముచ్చట రాసుకుంటారు. పత్తికి మందు కొట్టామని ఒకరు, బాబుకు జ్వరం తగ్గిందని ఒకరు, అమ్మీ గుర్తొచ్చిందని ఒకరు. దూరాన ఉన్నవాడికి ఆ నాలుగు ముక్కలే అన్నంతో సమానం. ఇందులో ప్రేమ ఉంది, పరామర్శ ఉంది, దుఆ ఉంది. దీన్ని మేము కాదనడం లేదు.

కాని ఈ అలవాటు మా చేత ఒక పెద్ద తప్పు చేయించింది. ఇతరులకు గుణపాఠం కాగలదన్న ఆశతోనే ఇక్కడ చెబుతున్నాము.

కొన్నేళ్ల క్రితం మా చెల్లెలికి ఒక మంచి సంబంధం కుదిరింది. ఒకనాడు అబ్బాయి తండ్రి మా ఇంటికి వచ్చి, తలుపు దగ్గరకు వేసి, మా అబ్బాతో తన కష్టం చెప్పుకున్నారు. పెద్ద బిడ్డ పెళ్లికి చేసిన అప్పు ఇంకా తీరలేదని, ఉన్న భూమి తాకట్టులో ఉందని, పత్తి పైసలు చేతికొచ్చే దాకా నిఖా కొంచెం వెనక్కి జరుపుదామని బతిమాలుకున్నారు. అబ్బా సరేనన్నారు. ఆ రాత్రి మేము అలవాటు ప్రకారం మిత్రులకు ఆ రోటి ముచ్చట రాస్తూ ఈ సంగతి కూడా రాశాము. నవ్వులాటగా రెండు మాటలు కలిపాము కూడా. చదివింది పదిమందే. ఆ పదిమందిలో ఒకరు ఇంట్లో చూపించారు. ఆ ఇంటివాళ్లు తమ బంధువులకు పంపారు. జుమా నాటికి మేము రాసిన అక్షరాలు ఉన్నవి ఉన్నట్టుగా ఆ పెద్దమనిషి ఫోనుకే చేరాయి. అప్పులవాళ్లు కూడా ఆయన గడప తొక్కారు. సంబంధం తప్పిపోయింది.

మా చెల్లెలు మమ్మల్ని తిట్టలేదు. ఒకే ఒక ప్రశ్న అడిగింది. “భాయీ, నా ముచ్చట రాసేముందు నన్నొక్క మాట అడిగినవా?”

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్న నుండే పుట్టింది.

ఎవరి ముచ్చట అది?

మనం రాసేది మన జీవితం గురించే అనుకుంటాము. కాని మన జీవితంలో మనమొక్కరమే లేము. తల్లిదండ్రులు, భార్యాబిడ్డలు, తోబుట్టువులు, ఇరుగుపొరుగువారు ఉన్నారు. వారి గుట్టు మన దగ్గర అమానత్. ఒక వ్యక్తి ఏదైనా మాట చెప్పి అటూ ఇటూ చూశాడంటే ఆ మాట అమానత్ అని దైవప్రవక్త (స) తెలిపారు (అబూ దావూద్, తిర్మిజీ). “ఎవరికీ చెప్పకు” అని నోటితో అనవలసిన పని కూడా లేదన్నమాట. తలుపు దగ్గరకు వేయడమే చాలు, గొంతు తగ్గించడమే చాలు.

హజ్రత్ అనస్ (రజి) చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడు దైవప్రవక్త (స) ఆయన్ని ఏదో పని మీద పంపారు. ఇంటికి ఆలస్యంగా వచ్చిన కొడుకును తల్లి ఉమ్మె సులైమ్ (రజి) ఎందుకు ఆలస్యమైందని అడిగారు. దైవప్రవక్త (స) పని మీద వెళ్లానని, ఆ పని రహస్యమని ఆయన చెప్పారు. ఆ తల్లి గుచ్చి గుచ్చి అడగలేదు. పైగా ఆ రహస్యం ఎవరికీ చెప్పవద్దని కొడుకుకు బోధించారు (ముస్లిం). అనస్ (రజి) పెద్దవారై, తమ ప్రియ శిష్యుడు సాబిత్‌కు ఈ సంఘటన వినిపించినప్పుడు కూడా ఆ పనేమిటో చెప్పలేదు. ఒక పిల్లవాడు నిలుపుకున్న అమానత్‌ను గడ్డాలు వచ్చిన మనం ఒక్క రాత్రయినా నిలుపుకోలేకపోతున్నాము.

పెళ్లి సంబంధాల విషయంలోనే మరో ఉదాహరణ ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) వితంతువైన తమ కుమార్తె హఫ్సా (రజి)ను వివాహమాడమని హజ్రత్ అబూబక్ర్ (రజి)ను కోరారు. ఆయన అవుననలేదు, కాదనలేదు. ఉమర్ (రజి) మనసు నొచ్చుకుంది. తర్వాత దైవప్రవక్త (స)తో ఆమె నిఖా జరిగింది. అప్పుడు అబూబక్ర్ (రజి) అసలు సంగతి చెప్పారు. దైవప్రవక్త (స) ఆమె ప్రస్తావన తేగా తాను విని ఉన్నానని, ఆ రహస్యాన్ని బయటపెట్టడం ఇష్టంలేకనే మౌనం వహించానని అన్నారు (బుఖారీ). మిత్రుడు అపార్థం చేసుకున్నా సరే, అమానత్ మాత్రం కాపాడారు. మేమేమో మిత్రులను నవ్వించడానికి అమానత్‌ను అమ్ముకున్నాము.

“నిజమే కదా!” అంటే సరిపోదు

“ఉన్నదే రాశాను, అబద్ధం రాయలేదు కదా” అని చాలామంది అంటారు. మేమూ అదే అన్నాము. గీబత్ అంటే ఏమిటో దైవప్రవక్త (స) తన సహచరులకు వివరించారు. నీ సోదరుడు ఇష్టపడని సంగతిని అతని వెనుక ప్రస్తావించడమే గీబత్. ఆ లోపం అతనిలో నిజంగా ఉంటే అది గీబత్ అవుతుంది, లేకపోతే అపనింద అవుతుంది (ముస్లిం). అంటే నిజం కావడం వల్లనే అది గీబత్ అయింది! హుజురాత్ సూరా 12వ ఆయత్‌లో అల్లాహ్ ఈ పాపాన్ని చనిపోయిన సోదరుని మాంసం తినడంతో పోల్చాడు.

పేరు రాయకపోతే చాలునని కొందరి భావన. పట్నంలో ఏమో గాని మన ఊళ్లలో అది చెల్లదు. ముస్లిముల ఇళ్లు కొద్దిగా ఉన్న ఊళ్లో “బస్టాండు దగ్గరి చాచా” అన్నా, “మొన్న బిడ్డను పుట్టింటికి తోలిన ఇల్లు” అన్నా చాలు. పేరు రాయనక్కరలేదు, చదివినవారే పూరించుకుంటారు.

ఒకసారి హజ్రత్ ఆయిషా (రజి) మరో విశ్వాసుల మాత సఫియ్యా (రజి) గురించి, ఆమె పొట్టిగా ఉంటారన్న అర్థం వచ్చేలా ఒక మాట అన్నారు. ఆ మాటను సముద్రంలో కలిపితే సముద్రమే చెడిపోగలదని దైవప్రవక్త (స) హెచ్చరించారు (అబూ దావూద్, తిర్మిజీ). నోటి నుండి వెలువడి గాలిలో కలిసిపోయిన మాట సంగతే ఇలా ఉంటే, వంద ఫోనులలో నిలిచిపోయే మాట సంగతి ఏమిటి?

నాలుగు గోడల మధ్యవి

భార్యాభర్తల మధ్య జరిగే ఏకాంత విషయాలను బయట చెప్పుకునేవాడు ప్రళయదినాన అల్లాహ్ దృష్టిలో అతి నీచ స్థానంలో ఉండేవారిలో ఒకడని హదీసు ఉంది (ముస్లిం). దంపతుల కీచులాటను స్టేటస్‌లో పెట్టి, “మీరే చెప్పండి, తప్పెవరిది?” అని మిత్రులను తీర్పు అడగడం నేడు ఒక వినోదంగా మారింది. సాయంత్రానికి ఆలుమగలు కలిసిపోతారు. కాని చదివినవారి మనసులో ఆ ఇల్లాలిపై పడిన మచ్చ మిగిలిపోతుంది.

పసిపిల్లల సంగతి కూడా అంతే. పక్క తడిపాడనో, పరీక్ష తప్పాడనో, దెబ్బలు తిన్నాడనో నలుగురు నవ్వేలా రాస్తాము. ఆ బిడ్డకూ మానం ఉంది. వాడు పెద్దవాడయ్యాక మనల్ని అడగడా?

దాచిన తప్పును మనమే విప్పడం

ఇతరుల గుట్టు సరే, మన గుట్టు మన ఇష్టం కదా అంటారా? అదీ కాదు. తన సముదాయంలో అందరికీ క్షమాపణ ఉంది గాని, తప్పును బాహాటం చేసుకునేవారికి లేదని దైవప్రవక్త (స) అన్నారు. రాత్రి ఒక తప్పు జరుగుతుంది. అల్లాహ్ దాన్ని కప్పి ఉంచుతాడు. తెల్లవారగానే ఆ మనిషి తానే లేచి ఆ తెరను తొలగించుకుంటాడు (బుఖారీ, ముస్లిం). తప్పు జరిగితే సజ్దాలో అల్లాహ్‌కు చెప్పుకోవాలి. మరీ అవసరమైతే నమ్మకస్తుడైన ఒక పెద్దను సలహా అడగాలి. పదిమందికి రాసి పంచితే అది తౌబా కాదు, ప్రదర్శన.

పుణ్యకార్యాలకు కూడా ఇదే ప్రమాదం ఉంది. తహజ్జుద్‌కు లేచిన నిమిషం నుండి దానం ఇచ్చిన రూపాయి వరకు ప్రతిదీ రాస్తే, చదివినవారి మెప్పే ప్రతిఫలంగా మిగిలి, అల్లాహ్ దగ్గర ఏమీ మిగలకపోవచ్చు.

చదివేవారి బాధ్యత

మా పదిమంది మిత్రులలో తొమ్మిదిమంది చదివి ఊరుకున్నారు. ఒక్కరు దాటించారు, అనర్థం జరిగింది. విన్నదంతా ఇతరులకు చెబుతూపోవడం ఒక మనిషి అబద్ధాలకోరు కావడానికి చాలునని హదీసు ఉంది (ముస్లిం). తోటి ముస్లిం లోపాన్ని కప్పిపుచ్చినవాని లోపాలను ఇహపరాలలో అల్లాహ్ కప్పిపుచ్చుతాడన్న శుభవార్త కూడా ఉంది (ముస్లిం).

ఒక వ్యక్తి దైవప్రవక్త (స) ఇంటి తలుపు సందులోంచి లోపలికి తొంగిచూశాడు. ఆయన తీవ్రంగా మందలించి, ఇంట్లోకి వచ్చే ముందు అనుమతి అడగమన్నది చూపు కోసమేనని తెలియజేశారు (బుఖారీ, ముస్లిం). పక్కవారి ఫోను తీసి వారి రాతలు చదవడం కూడా తొంగిచూడటమే. భర్త అయినా, అన్న అయినా, అత్త అయినా సరే. మన దేశ సుప్రీం కోర్టు 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ఏకగ్రీవ తీర్పులో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని ప్రకటించింది. ఇంటి గడప దగ్గర ఆగి అనుమతి అడగమని నూర్ సూరా 27వ ఆయత్ పద్నాలుగు వందల ఏళ్ల క్రితమే విశ్వాసులకు నేర్పింది.

అన్యాయం జరిగితే మౌనం వద్దు

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. గుట్టు కాపాడమంటే దౌర్జన్యాన్ని దాచమని కాదు. చెడును బాహాటంగా పలకడం అల్లాహ్‌కు ఇష్టం లేదని చెబుతూనే, నిసా సూరా 148వ ఆయత్ అన్యాయానికి గురైనవారిని మినహాయించింది. హింద్ బిన్తె ఉత్బా (రజి) తన భర్త అబూ సుఫ్యాన్ ఇంటి ఖర్చుకు సరిపడా ఇవ్వడంలేదని దైవప్రవక్త (స)తో చెప్పుకున్నారు. ఆయన ఆమెను గీబత్ చేశావని నిందించలేదు. తనకూ పిల్లలకూ సరిపడేంత ధర్మబద్ధంగా తీసుకోమని అనుమతించారు (బుఖారీ, ముస్లిం). దెబ్బలు తింటున్న ఆడబిడ్డ, వేధింపులకు గురవుతున్న కోడలు తప్పక నోరు విప్పాలి. తల్లిదండ్రులకు, పెద్దలకు, అవసరమైతే పోలీసులకు, కోర్టుకు చెప్పాలి. హింద్ (రజి) పరిష్కరించగలవారి దగ్గరికి వెళ్లారు. వినోదం చూసేవారి దగ్గరికి వెళ్లలేదు. తేడా అంతా అక్కడే ఉంది.

రాసేముందు

ఆ సంఘటన తర్వాత మేము రాయడం మానలేదు. కాని పంపేముందు నాలుగు ప్రశ్నలు వేసుకుంటున్నాము. ఇది నా ముచ్చటేనా, మరొకరిదా? మరొకరిదైతే వారిని అడిగానా? వారు నా పక్కన కూర్చుని చదువుతుంటే ఇలాగే రాస్తానా? రేపు ఇది నా చేతిలో లేకుండాపోతే ఎవరికి నష్టం?

కోపంలో ఉన్నప్పుడు అసలే రాయకూడదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) దైవప్రవక్త (స) నోట విన్నదంతా రాసుకునేవారు. ఆయన కోపంలోనూ సంతోషంలోనూ మాట్లాడతారు కదా, అంతా రాస్తావేమిటని కొందరు అభ్యంతరం చెప్పారు. దైవప్రవక్త (స) తన నోటివైపు చూపించి, ఇందులోంచి సత్యం తప్ప మరేదీ వెలువడదు, రాసుకోమన్నారు (అబూ దావూద్). ఆ హామీ దైవప్రవక్తకు ఉంది, మనకు లేదు. మన కోపం రాసేది తెల్లవారితే మనకే నచ్చదు.

“స్టేటస్ 24 గంటల్లో పోతుంది కదా” అని నిశ్చింతగా ఉండవద్దు. చూసినవారు దాన్ని ఫొటోగా దాచుకోవడానికి ఒక్క క్షణం చాలు. ఇప్పటికే ఎవరి మనసైనా నొప్పించి ఉంటే, రాసింది చెరిపేసి ఊరుకుంటే సరిపోదు. సోదరుని గౌరవానికి భంగం కలిగించినవాడు, దీనారు గాని దిర్‌హం గాని పనికిరాని రోజు రాకముందే, ఈ లోకంలోనే క్షమాపణ కోరుకోవాలని దైవప్రవక్త (స) ఉపదేశించారు (బుఖారీ).

మేము ఆ పెద్దమనిషి ఇంటికి వెళ్లాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి చాయ్ తెప్పించి, “మాఫ్ చేసిన బేటా, కానీ మీ అబ్బా మొఖం చూడలేకపోతున్న” అన్నారు. మాఫీ దొరికింది. మునుపటి రోజులు మాత్రం తిరిగి రాలేదు.

సోదర సోదరీమణులారా! మనం రాసుకునే పుస్తకం ఒకటైతే, మన గురించి గౌరవనీయులైన లేఖకులు రాస్తున్న పుస్తకం మరొకటి. చిన్నదీ పెద్దదీ ఏదీ వదలని ఆ కర్మల పత్రాన్ని చూసి అపరాధులు భీతిల్లుతారని కహఫ్ సూరా 49వ ఆయత్ తెలియజేస్తోంది. ఆ పుస్తకంలో చెరిపివేత తౌబాతోనే సాధ్యం.

ఓ అల్లాహ్! మా లోపాలను కప్పి ఉంచు. మా నాలుకలను, మా చేతులను ఇతరుల గౌరవాన్ని కాపాడేవిగా చెయ్యి. మా వల్ల నొచ్చుకున్న హృదయాలకు ఊరట ప్రసాదించు. ఆమీన్.