చల్లని గదికి అవతలి గోడ

ఇంట్లో ఏ వస్తువుకి ఎంత చోటివ్వాలన్నది పైకి సౌకర్యానికి సంబంధించిన ప్రశ్నలాగే కనిపిస్తుంది. బీరువా ఏ గోడకి, మంచం ఎటు తిప్పి, దేవుడి గూడు ఏ మూల - ఇవన్నీ కొలతలతోనో వాస్తుతోనో తేలిపోయే సంగతులనుకుంటాం. నిజానికి చోటు పంచడమంటే విలువ పంచడమే. అది కాగితం మీద గీతల రూపంలో జరిగిపోతుంది కాబట్టి, అదొక నైతిక నిర్ణయమని మనకి తట్టదు. ఈ మధ్య ఒక వైన్ గది గురించి విన్నాక నేను దీని గురించే ఆలోచిస్తున్నాను.

నా స్నేహితురాలు ఆర్కిటెక్ట్. హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో ఉన్న గదుల్ని ఇంటివాళ్ల అవసరాలకి తగ్గట్టు మార్చి ఇస్తుంటుంది. ఒకాయన తన ఫ్లాట్‌లో వైన్ సెల్లార్ కావాలని ఆమె దగ్గరికి వచ్చాడు. మన ఊళ్లో సెల్లార్ అంటే కార్లు పెట్టుకునే చోటు. ఆయనకి కావలసింది సీసాలు ఏళ్ల తరబడి దాచుకునే గది. అందుకు ఆయన చూపించింది వంటింటిని ఆనుకుని ఉన్న ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గది. బిల్డర్ ప్లానులో దాని పేరు 'సర్వెంట్ రూమ్'. ఇప్పుడందులో బియ్యం బస్తా, పాత సూట్‌కేసులు, వంట చేసే ఆవిడ సంచీ ఉంటాయి. మధ్యాహ్నం పూట ఆవిడ అరగంట నడుం వాల్చేది కూడా అక్కడే. ఆ గదికి కిటికీ లేదు.

వైన్‌ని ఎక్కువ కాలం నిలవ చెయ్యడానికి చాలా నియమాలున్నాయి. గది వేడి 12 నుంచి 14 డిగ్రీల మధ్య ఉండాలి. అంకె కంటే కూడా అది ఎక్కువ తక్కువలు కాకుండా నిలకడగా ఉండటం ముఖ్యం. గాలిలో తేమ 60 నుంచి 70 శాతం దాకా ఉంటే మంచిది. సీసాని పడుకోబెట్టాలి, అప్పుడే బిరడా తడిగా ఉంటుంది. బిరడా ఎండి ముడుచుకుపోతే గాలి చొరబడి వైన్ పాడవుతుంది. వెలుతురు తగలకూడదు, కుదుపులు ఉండకూడదు. తలుపు మాటిమాటికీ తియ్యకూడదు. ఇంత చిన్న గది సరిపోతుందా అంటే సరిపోతుంది. సీసా సీసాకీ పది సెంటీమీటర్ల చొప్పున వేసుకున్నా, పొడుగు గోడ ఒక్కదానికే మూడు వందల పైచిలుకు పడతాయి. మనిషి నిలబడి ఒకటి తీసుకోవడానికి ఇంకా చోటు మిగులుతుంది.

ఈ జాబితా వింటున్నప్పుడు నన్ను ఆపింది ఒకటే. చీకటి, కిటికీ లేకపోవడం, ఎవరూ రాకపోవడం, కదలకుండా పడి ఉండటం - మనిషి విషయంలో ఇవన్నీ ఆ గదికి లోపాలు. సీసా విషయంలో ఇవే సుగుణాలు. "కిటికీ లేకపోవడం ఎంత కలిసొచ్చిందో!" అన్నాడట ఆయన. అంతకాలం అది లోపమని ఎవరూ అనుకోలేదు, ఎందుకంటే అక్కడ పడుకునే మనిషిని దృష్టిలో పెట్టుకుని ఆ గదిని ఎవరూ చూడలేదు. ఆ గదికి ఇంత వేడి ఉండాలి, ఇంత గాలి ఉండాలి అని మొదటిసారి లెక్క కట్టింది సీసాలు వస్తాయన్నప్పుడే.

అసలు చిక్కు చల్లదనం దగ్గర వచ్చింది. మే నెలలో బయట 40 దాటే ఊళ్లో లోపల 13 ఉండాలంటే గోడలకి వేడి చొరబడని పలకలు వెయ్యాలి, తలుపు సందులు మూసెయ్యాలి, శీతల యంత్రం పెట్టాలి. చిన్న గదులకి సాధారణంగా గోడలో బిగించే రకం వాడతారు. అది లోపలి వేడిని లాగి గోడకి అవతలివైపు వదులుతుంది. చల్లదనాన్ని ఎవరూ పుట్టించలేరు, వేడిని పక్కకి తోస్తారు, అంతే. యంత్రం నడవడానికి వాడిన కరెంటు కూడా వేడిగానే మారుతుంది కాబట్టి, లోపల తగ్గిన దానికంటే అవతల ఎక్కువే చేరుతుంది.

ఆ గదికి ఒకవైపు వంటిల్లు, మరోవైపు ఆయన ఆఫీసు గది. ఆయన వంటింటి గోడ చూపించి "అక్కడ ఎలాగూ వేడే కదా" అన్నాడు. నా స్నేహితురాలు రెండో గోడకి పెడితే ఎలా ఉంటుందని అడిగింది. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అక్కడ నేను కూర్చుని పని చేసుకోవాలి కదా మేడమ్!"

ఆయన చెడ్డవాడని నేననడం లేదు. వేడి అంటే ఏమిటో ఆయనకి తెలుసు, పనిచేసే మనిషికి అదెంత ఇబ్బందో కూడా తెలుసు. తనదాకా వచ్చేసరికి తెలిసింది, పొయ్యి ముందు నిలబడే మనిషిదాకా వచ్చేసరికి తెలియలేదు. 'ఎలాగూ వేడే కదా' అన్న మాటలో ఒక పూర్తి తర్కం ఉంది. ఇప్పటికే భారం మోస్తున్నవాళ్లకి అలవాటైపోయింది కాబట్టి ఇంకొంచెం మోపవచ్చుననే తర్కం అది. పెద్ద కోడలి మీద ఇంకో బాధ్యత పెట్టేటప్పుడూ, ఊరి చెత్తని పేదల వాడ పక్కన పోసేటప్పుడూ మనం వినేది ఇదే. అలవాటుని అంగీకారంగా లెక్కెయ్యడం పితృస్వామ్యం చేసే పాత గారడీ.

వర్జీనియా వుల్ఫ్ 1929లో ప్రచురించిన 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్' అనగానే మనకి గదీ డబ్బూ గుర్తొస్తాయి. అందులో వైన్ కూడా ఉంది. మగవాళ్ల కాలేజీలో మధ్యాహ్న భోజనం చేపలతో, పక్షి మాంసంతో, మాటిమాటికీ నిండే వైన్ గ్లాసులతో సాగుతుంది. ఆడవాళ్ల కాలేజీలో రాత్రి భోజనం పలచటి సూపు, గొడ్డు మాంసం, ఎండిన ప్లమ్ పండ్లు, మంచినీళ్ల కూజాతో ముగుస్తుంది. ఆ తేడా నుంచే ఆమె ఆడవాళ్లెందుకు పేదవాళ్లు అన్న ప్రశ్నకి వెళుతుంది. కాలేజీ నేలమాళిగలో వైన్ ఉండాలంటే దాని వెనక తరతరాలుగా చేరిన ఆస్తి ఉండాలి. నిలవ చెయ్యడమంటేనే, ఈ రోజు గడిచాక కూడా మిగిలేంత ఉండటం.

అయితే నిలవ చేసే విద్య ఆడవాళ్లకి లేనిది కాదు. ఆవకాయ జాడీని చీకటి గదిలో గోడవారగా పెట్టి, వాసెన కట్టి, తడి చెయ్యి తగలనివ్వకుండా ఏడాది పొడుగునా కాపాడింది ఎవరు? వెలుతురు, తేమ, గాలి, కాలం - ఈ నాలుగింటి లెక్కా మన అమ్మమ్మలకి తెలుసు. వాళ్లు చేస్తే అది ఇంటిపని. ఆయన చేస్తే అభిరుచి. ఒకదానికి జాడీ, అటక. రెండోదానికి ప్లాను, బడ్జెట్టు, ఆర్కిటెక్టు.

ఇది మద్యం మీద ఉన్న వ్యతిరేకతేనని కొందరు అనవచ్చు. కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమాన్ని కూడా నీతి బోధగా కుదించినవాళ్లున్నారు. ఆ స్త్రీలు అడిగింది ఇంటికి చేరని కూలి డబ్బుల గురించి, తమ ఒంటి మీద పడే దెబ్బల గురించి. వాళ్ల పోరాటంతో 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండోదాన్ని 1997లో సడలించారు. సారా ప్యాకెట్టుకీ మూడు వందల సీసాల గదికీ పోలిక లేదనిపిస్తుంది. కానీ రెండు చోట్లా అడగవలసింది ఒకటే: ఒకరి సుఖం ఖర్చు ఎవరి ఒంటి మీద రాస్తున్నారు?

నా స్నేహితురాలు నాతో వాదించింది. "నీ ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చూడు, వేడిగానే ఉంటుంది. నీ ఏసీ పక్కవాళ్ల కిటికీ మీదకే ఊదుతోంది. ఆ లెక్కన ఎవరూ ఏదీ వాడకూడదు" అంది. ఆమె మాటలో నిజముంది. వేడి పుట్టించని సుఖం లేదు. యంత్రం బయటి భాగాన్ని డక్ట్‌లోకి మార్చినా అది పై అంతస్తు వాళ్ల కిటికీ దాకా వెళుతుంది. అలాగని అన్ని ఏర్పాట్లూ ఒకటే అనలేం. తను చల్లబరుచుకున్నదాని వేడిని తనే కొంత భరించడం ఒక పద్ధతి. ఎదురు చెప్పలేనివాళ్ల వైపుకి తొయ్యడం మరో పద్ధతి. మార్కెట్లో దొరికే వైన్‌లో ఎక్కువ భాగం రెండు మూడేళ్లలో తాగెయ్యవలసిందేనని, నలభై సీసాలు పట్టే అలమారా లాంటి ఫ్రిజ్ హాల్లో పెట్టుకుంటే చాలని ఆమె ఆయనకి చెప్పింది. అది కూడా వేడి వదులుతుంది, కాకపోతే అందరూ కూర్చునే చోట వదులుతుంది. ఆయన ఇంకా ఆలోచిస్తున్నాడట.

ఈ మొత్తం చర్చలో ఇద్దరిని ఎవరూ ఏమీ అడగలేదు. ఒకరు ఆయన భార్య, రెండోవారు వంట చేసే ఆవిడ. వాళ్లిద్దరి మధ్య ఉన్న దూరం నాకు తెలుసు. భార్యకి కనీసం హాల్లో సోఫా ఉంది, ఆవిడకి ఆ గదే ఉంది. గదికి కిటికీ పెట్టమని ఆవిడ అడిగి ఉంటే గోడ పగలగొట్టడం కుదరదనేవాళ్లు. యంత్రం కోసం అదే గోడకి రంధ్రం చెయ్యడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఏ ప్లాను చూసినా ఇక నేను ముందుగా వెతికేది ఆ రంధ్రం ఏ వైపుకి తెరుచుకుంటుందోనన్నదే. అవతల నిలబడేది ఎవరో, వాళ్లని అడిగారో లేదో తెలిసేదాకా ఆ గది బాగుందని అనడానికి నాకు నోరు రాదు.