నేర్పు దాచేది, నేర్పు చెప్పేది

కొత్త యుద్ధవిమానం నడిపి దిగిన టెస్ట్ పైలట్‌ను ‘ఎలా ఉంది?’ అని ఇంజనీర్లు అడిగితే, అతను ఒక్కోసారి ఒక అంకెతో జవాబిస్తాడు. మూడు అంటాడు, లేదా ఐదు అంటాడు. 1 నుంచి 10 దాకా సాగే ఆ కొలమానాన్ని అమెరికాలో జార్జ్ కూపర్, రాబర్ట్ హార్పర్ 1969లో ఖాయం చేశారు. కూపర్ స్వయంగా టెస్ట్ పైలట్. 1 అంటే వంక పెట్టడానికి లేదని. 10 అంటే విమానం చేతికి లొంగదని.

నన్ను ఆలోచనలో పడేసినవి మధ్యలో ఉన్న 4, 5, 6. ఈ మూడు చోట్లా విమానం చెప్పిన పని ఎలాగో చేస్తుంది. ఆకాశంలో నిలుస్తుంది, రన్‌వే మీద దిగుతుంది. అందుకు పైలట్ ఎంత సర్దుబాటు చేయవలసి వచ్చింది అన్నదే అసలు ప్రశ్న. అప్పుడప్పుడు చెయ్యి వేస్తే సరిపోయిందా? చాలాసేపు పట్టి ఉంచాల్సి వచ్చిందా? ఊపిరి తీసుకునే తీరిక కూడా లేకుండా దిద్దుతూనే ఉన్నాడా? కింద నిలబడి చూసేవాళ్ళకు ఇవేవీ కనబడవు. విమానం క్షేమంగా దిగింది, చప్పట్లు కొట్టారు, అంతే. ఆ దిద్దుబాటు ఎంతో తెలిసినవాడు ఒక్కడే, ఆ సీట్లో కూర్చున్నవాడు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ పనికి ఎంపికయ్యేవాళ్ళు మామూలు పైలట్లు కారు. విమానం ముక్కు కాస్త కిందికి వాలితే, ఆ సంగతి మనసుకు తెలిసేలోపే వాళ్ళ చెయ్యి స్టిక్‌ను వెనక్కి లాగేసి ఉంటుంది. అలాంటివాడు దిగి వచ్చి ‘బాగానే ఉంది’ అంటే అది అబద్ధం కాదు, అతనికి నిజంగానే బాగుంది. అదే విమానాన్ని దుండిగల్ వాయుసేన అకాడమీ నుంచి వచ్చిన ఓ కుర్ర ఫ్లయింగ్ ఆఫీసర్ ఏదో ఒక రాత్రి, వానలో, అలసిపోయి, ఇంధనం తగ్గుతుండగా దించాలి. టెస్ట్ పైలట్ చెయ్యి దాచిన తప్పు ఆ కుర్రాడి ముందు బయటపడుతుంది. ఎంత నేర్పు ఉంటే అంత చక్కగా తప్పు దాగిపోతుంది. కాబట్టి ప్రతిసారీ అతను తనకు తాను వేసుకోవలసిన ప్రశ్న ఇది: బాగున్నది విమానమా, నా చెయ్యా?

ఈ ప్రశ్నకు జవాబు రాబట్టే పద్ధతుల్లో ఒకటి వినడానికి చాలా తేలిక. విమానాన్ని ఒక ఎత్తులో, ఒక వేగంలో తిన్నగా నిలబెడతారు. స్టిక్‌ను ఒకసారి కొద్దిగా కదిపి వదిలేస్తారు. ముక్కు లేస్తుంది, వేగం తగ్గుతుంది. ముక్కు వాలుతుంది, వేగం పెరుగుతుంది. మళ్ళీ లేస్తుంది. ఆ ఊగు దానంతటదే సద్దుమణుగుతోందా, పెరుగుతోందా, ఒక్కో ఊగుకు ఎన్ని సెకన్లు పట్టింది అన్నది పైలట్ మోకాలి మీది కార్డులో రాసుకుంటాడు. అంతసేపూ ఆ ఊగును ఆపడానికి స్టిక్ మీద చెయ్యి వేయకూడదు. ఏళ్ళ తరబడి దిద్దడానికే అలవాటుపడిన చేతిని ఖాళీగా ఉంచడం ఎంత కష్టమో ఏ పనిలోనైనా ఆరితేరినవాళ్ళకు తెలుస్తుంది. ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీద రెండు పక్షులుంటాయి. ఒకటి పండు తింటుంది, రెండోది చూస్తూ ఉంటుంది. టెస్ట్ పైలట్ ఒకే సమయంలో ఆ రెండూ కావాలి. ఆపైన కిందికి వచ్చి, చూసిందంతా కాగితం మీద పెట్టాలి.

చెయ్యి తప్పును దాచడమే కాదు, ఒక్కోసారి పెంచుతుంది కూడా. 1974 జనవరి 20న కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో వైఎఫ్-16 అనే కొత్త యుద్ధవిమానాన్ని రన్‌వే మీద వేగంగా పరుగెత్తించి చూడాలనుకున్నారు. ఆ రోజు ఎగిరే ఉద్దేశమే లేదు. పైలట్ ఫిల్ ఓస్ట్రిచర్. పరుగులో విమానం పక్కలకు ఊగసాగింది. స్టిక్ అతి సున్నితంగా ఉండటంతో, దిద్దిన కొద్దీ ఊగు ఎక్కువైంది. తోకభాగం నేలను రాసుకుంది. ఆపబోతే ఇంకా ప్రమాదమని గ్రహించి అతను విమానాన్ని గాల్లోకి లేపాడు, ఆరు నిమిషాలు తిప్పి దించాడు. ఆ తర్వాత కంట్రోళ్ళ సున్నితత్వాన్ని తగ్గించారు. ఫిబ్రవరి 2న అధికారికంగా ఎగిరింది. ఆ పూట కథ పైలట్ చాకచక్యంతోనే ముగిసి ఉంటే ఒక వీరగాథ మిగిలేది. కంట్రోళ్ళను సరిచేయడంతో ముగిసింది కాబట్టి తర్వాతి పైలట్లందరికీ మేలు జరిగింది.

మన దేశంలో ఈ వృత్తి చరిత్ర చెప్పాలంటే సురంజన్ దాస్ దగ్గర మొదలుపెట్టాలి. బెంగళూరులో విమానాలు తయారుచేసే హెచ్‌ఏఎల్ సంస్థ పక్కన ఆయన పేరు మీద ఒక రోడ్డుంది. ఉద్యోగాలకని అక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్ళు ఎందరో రోజూ ఆ దారిన వెళ్తుంటారు. జర్మన్ ఇంజనీర్ కుర్ట్ టాంక్ నాయకత్వంలో హెచ్‌ఎఫ్-24 మారుత్ యుద్ధవిమానం తయారైనప్పుడు, ముందుగా అదే ఆకారంలో ఇంజిన్ లేని చెక్క గ్లైడర్ కట్టారు. దాన్ని డకోటా విమానం వెనక కట్టి పైకి లాక్కెళ్ళి వదిలేవారు. అసలు మారుత్‌ను దాస్ 1961 జూన్ 17న తొలిసారి గాల్లోకి తీసుకెళ్ళారు. ధ్వనికి రెట్టింపు వేగం ఆశించి గీసిన విమానమది. అందుకు తగిన ఇంజిన్ మాత్రం దొరకలేదు. ఆ లోటు తీర్చే ప్రయత్నాల్లో భాగంగా ఆఫ్టర్‌బర్నర్ అమర్చిన నమూనాను పరీక్షిస్తూ, 1970 జనవరి 10న బెంగళూరులో జరిగిన ప్రమాదంలో దాస్ మరణించారు.

ఆ మరణం తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. అయినా టెస్ట్ పైలట్ ధైర్యమంతా మృత్యువుకు ఎదురెళ్ళడంలోనే ఉందంటే నేను ఒప్పుకోను. యుద్ధానికి వెళ్ళే ప్రతి పైలట్‌కూ ఆ ధైర్యం ఉంది. వేల మంది ఏళ్ళ తరబడి చెమటోడ్చి ఒక విమానం తయారు చేస్తారు. గీసినవాళ్ళు, బిగించినవాళ్ళు, డబ్బు మంజూరు చేసినవాళ్ళు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తుంటారు. విమానం చక్కగా ఎగిరి చక్కగా దిగుతుంది. అందరి ముఖాల్లో వెలుగు. అప్పుడు అతను హెల్మెట్ తీసి, ‘ఆరు. ఇంకా స్క్వాడ్రన్‌కు ఇవ్వొద్దు’ అనాలి. తనకు దండ వేయబోతున్నవాళ్ళతో ఆ మాట అనగలగడం నా దృష్టిలో మరింత అరుదైన ధైర్యం.

అలాంటి మాటలకు ఫలితం ఉంటుంది, కాకపోతే అది వార్తల్లోకి ఎక్కదు. 2001 జనవరి 4న రాజీవ్ కోఠియాల్ మన దేశపు యుద్ధవిమానం తేజస్ నమూనాను తొలిసారి ఎగరేశారు. 2024 మార్చిలో జైసల్మేర్ దగ్గర ఒకటి కూలేదాకా, ఇరవై మూడేళ్ళపాటు ఒక్క తేజస్ కూడా కూలలేదు. కూలినదాని పైలట్ కూడా క్షేమంగా బయటపడ్డాడు. అన్నేళ్ళ సురక్షిత ప్రయాణం వెనక ఎన్ని రిపోర్టులు, ఎన్ని ‘ఇంకా కాదు’లు ఉండి ఉంటాయో! ఆ పని చేసినవాళ్ళు కూడా అలాగే మరుగున ఉండిపోతారు. హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివిన రాకేశ్ శర్మ అనగానే మనకు 1984 నాటి అంతరిక్ష యాత్రే గుర్తొస్తుంది. ఆయన తిరిగొచ్చాక ఏళ్ళ తరబడి హెచ్‌ఏఎల్‌లో టెస్ట్ పైలట్‌గా పనిచేశారు. నాసిక్ దగ్గర ఒక మిగ్-21 నుంచి ఇజెక్ట్ అయి ప్రాణాలు దక్కించుకున్నారు. జగమంతా చూసిన ఆ కొద్ది రోజుల కన్నా, ఎవరూ చూడని ఆ ఏళ్ళంటేనే నాకు ఎక్కువ గౌరవం.

ఈ వృత్తి నుంచి నేలమీద బతికే మనం నేర్చుకోవలసింది ఒకటుందని నమ్ముతాను. నాకు తెలిసిన ఒక ఏకోపాధ్యాయ పాఠశాలలో పంతులుగారు ఐదు తరగతులను ఒంటిచేత్తో నడిపేవారు. రెండో తరగతికి ఎక్కాలు అప్పగించి ఐదో తరగతికి పాఠం చెప్పేవారు. భోజనాల లెక్కలు రాసేవారు, బడికి రాని పిల్లల ఇళ్ళకు వెళ్ళేవారు. తనిఖీకి వచ్చినవాళ్ళు ‘ఈ బడికి ఏ లోటూ లేదు’ అని రాసి వెళ్ళేవారు. లోటు లేకపోవడమా? ఆ లోటంతా ఆయన ఒంట్లోకి వెళ్ళింది. ఆయన బదిలీ అయ్యాక వచ్చినవారికి అది మొదటి రోజే ఎదురైంది.

సర్దుకుపోయేవాళ్ళను మెచ్చుకోవడం మనకు తరతరాలుగా ఉన్న అలవాటు. మెచ్చుకోవలసిందే, వాళ్ళ వల్లే ఇళ్ళూ బళ్ళూ ఆసుపత్రులూ నడుస్తున్నాయి. కానీ మెచ్చుకుని వదిలేస్తే వాళ్ళ నేర్పు వాళ్ళతోనే పోతుంది, తప్పు మాత్రం మిగిలిపోతుంది. పని ఎలా జరిగిందని అడిగినట్టే, అందుకు ఎంత సర్దుకోవలసి వచ్చిందనీ అడగాలి. జవాబు చెప్పినవాళ్ళను సణుగుతున్నారని తీసిపారేయకూడదు. పని చేతకానివాడు కష్టమంటే మన్నించి ఊరుకుంటాం. పని బాగా వచ్చినవాడు కష్టమంటే మాత్రం ఆ మాట రాసిపెట్టుకోవాలి. ఆ కష్టం తనకోసం చెప్పుకుంటున్నది కాదు. తనంత నేర్పు లేకుండా రేపు అదే సీట్లో కూర్చోబోయేవాడి కోసం చెబుతున్నాడు.