అమాయకుని కూలీ మన చేతిలోని అమానతు



మన బజారుల్లో ఇలాంటి మనుషులు అక్కడక్కడా కనిపిస్తూనే ఉంటారు. హోటల్లో బల్లలు తుడిచే ఒక యువకుడు, కిరాణా కొట్టులో బస్తాలు సర్దే మరొకతను. వయసు పాతికేళ్ళు దాటినా మాట, ఆలోచన పసిపిల్లవాడివి. ఉదయం దుకాణం తెరిచే వేళకే వస్తాడు. రాత్రి షట్టరు దించేదాకా చెప్పిన పనల్లా చేస్తాడు. దానికి బదులుగా అతనికి దక్కేది రెండు పూటల తిండి, కొన్ని కప్పుల చాయ్, పండుగకు ఒక జత బట్టలు. యజమానిని అడిగితే, "పాపం, అమాయకుడు. పుణ్యం కోసం పెట్టుకున్నాం" అంటాడు.

ఇది నిజంగా పుణ్యకార్యమేనా? అదే పని మరొకరు చేస్తే నెలకు ఎంత ఇచ్చేవాళ్ళం? ఆ మొత్తానికీ, ఇతనికి ఇచ్చిన దానికీ మధ్య ఉన్న తేడా ఎవరి జేబులో మిగిలింది? ఈ ప్రశ్నకు ఇక్కడ మనం జవాబు చెప్పకపోయినా, ప్రళయదినాన అల్లాహ్ సన్నిధిలో చెప్పక తప్పదు.

ఎవరు వీరు?

పుట్టుకతోనో బాల్యంలోనో మెదడు ఎదుగుదలలో లోపం ఏర్పడినవారు వీరు. కొందరిలో మేధోవైకల్యం ఉంటుంది. దాన్నే నిన్నమొన్నటిదాకా బుద్ధిమాంద్యం అనేవారు. కొందరికి ఆటిజం, మరికొందరికి సెరిబ్రల్ పాల్సీ ఉంటాయి. సెరిబ్రల్ పాల్సీలో శరీర కదలికలు దెబ్బతిన్నా, బుద్ధి పూర్తిగా సవ్యంగా ఉన్నవారు ఎందరో ఉన్నారు. ఇది పిచ్చి కాదు, చేతబడి కాదు, తల్లిదండ్రుల పాపఫలం అంతకన్నా కాదు. వీరు నేర్చుకోగలరు. కాకపోతే ఎక్కువ సమయం, ఎక్కువ ఓర్పు కావాలి. వీరిని "పాగల్", "పిచ్చోడు" అని పిలవటం మనకు అలవాటైపోయింది. ఒకరినొకరు ఎగతాళి చేయరాదని, చెడ్డపేర్లతో పిలవరాదని హుజురాత్ సూరాలో అల్లాహ్ స్పష్టంగా వారించాడు. ఆ ఆజ్ఞ వీరి విషయంలోనూ వర్తిస్తుంది.

నిద్రించేవాడు మేల్కొనేవరకు, పిల్లవాడు యుక్తవయస్కుడయ్యేవరకు, మతి లేనివాడు మతి తెచ్చుకునేవరకు వారిపై నుంచి కలం ఎత్తివేయబడిందని దైవప్రవక్త (సఅసం) తెలియజేశారు. అంటే ఆ స్థితిలో వారి కర్మల లెక్క రాయబడదు. అయితే ఆ కలం వారిపై నుంచి లేచిందే తప్ప మనపై నుంచి లేవలేదు. వారితో మనం ఎలా మసలుకున్నామన్నది అక్షరం పొల్లుపోకుండా రాయబడుతూనే ఉంది.

మహాప్రవక్త (సఅసం) ఆదర్శం

మదీనాలో మతి సరిగా లేని ఒక స్త్రీ ఉండేది. ఆమె దైవప్రవక్త (సఅసం) వద్దకు వచ్చి తనకు పని ఉందని చెప్పింది. ఆయన ఆమెను విసుక్కోలేదు. ఫలానా వారి తల్లీ అని గౌరవంగా సంబోధించి, ఏ వీధిలో మాట్లాడదలచుకుంటే ఆ వీధినే ఎంచుకోమన్నారు. ఆమె చెప్పుకోవలసింది పూర్తయ్యేవరకు ఆమెతోనే ఉన్నారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. ఒక రాజ్యాన్ని నడుపుతున్న వ్యక్తి ఆమె కోసం నిలబడ్డారు. మనం మన దుకాణంలో పనిచేసే అమాయకుని మాట ఒక్క నిమిషం వింటున్నామా?

మరో సంఘటన మన విషయానికి ఇంకా దగ్గరిది. ఒక సహాబీ గ్రహణశక్తి బలహీనంగా ఉండేది. తలకు తగిలిన గాయమే దానికి కారణమని కొన్ని ఉల్లేఖనాలు చెబుతున్నాయి. ఆయన వ్యాపారం చేస్తే జనం మోసగించేవారు. ఇంటివాళ్ళు దైవప్రవక్త (సఅసం) వద్దకు వచ్చి, ఆయన్ని క్రయవిక్రయాలు చేయకుండా ఆపమని కోరారు. ప్రవక్త (సఅసం) ఆయన్ని పిలిపించి మానుకోమన్నారు. కానీ ఆయన, వ్యాపారం లేకుండా ఉండలేనని విన్నవించుకున్నారు. అప్పుడు ప్రవక్త (సఅసం) బలవంతం చేయలేదు. బేరం చేసేటప్పుడు మోసం ఉండరాదన్న షరతును ముందే నోటితో చెప్పుకోమని నేర్పారు. కొన్న వస్తువును మూడు రోజుల్లోగా తిరిగి ఇచ్చే హక్కు కూడా ఇచ్చినట్లు మరికొన్ని ఉల్లేఖనాలు తెలుపుతున్నాయి.

సోదరులారా! ఇందులో ఎంత వివేకం ఉందో చూడండి. ఆ సహాబీకి పుట్టుకతో వచ్చిన లోపం లేకపోయినా, ఈ సంఘటన నేర్పే నియమం అందరికీ వర్తిస్తుంది. ఆయన బలహీనుడని ఇంట్లో కూర్చోబెట్టలేదు. అలాగని ఎవరైనా దోచుకోవచ్చని బజారులో వదిలేయనూ లేదు. పని చేసుకునే అవకాశం ఇచ్చారు, దానికి తోడు రక్షణ కూడా ఇచ్చారు. మనం మాత్రం ఈ రెంటిలో ఒకదాన్ని వదిలేస్తున్నాం. కొన్ని ఇళ్ళలో ఇలాంటి బిడ్డను నలుగురికీ కనబడకుండా దాచేస్తున్నారు. కొన్నిచోట్ల పనికి పంపుతున్నారు, కానీ అతని కూలీ గురించి అడిగేవారే లేరు.

కూలీ దానం కాదు

పని చేయించుకుని కూలీ ఇవ్వనివాడికి వ్యతిరేకంగా ప్రళయదినాన తానే ప్రత్యర్థిగా నిలుస్తానని అల్లాహ్ హెచ్చరించినట్లు బుఖారీ హదీసులో ఉంది. కూలీవాడి చెమట ఆరకముందే వేతనం ఇవ్వాలని ప్రవక్త (సఅసం) ఆదేశించారు. తెలివైన కూలీకి ఇవ్వండి, అమాయకునికి అన్నం పెడితే చాలు అన్న మినహాయింపు ఇందులో ఎక్కడా లేదు. పైగా తెలివైనవాడు కూలీ ఎగ్గొడితే నలుగురిని పోగుచేసి నిలదీస్తాడు. ఇతను అది కూడా చేయలేడు. కనుక ఇతని విషయంలో భయభక్తులు మరింత అవసరం.

పని మొదలుపెట్టే ముందే వేతనం తేల్చుకోవాలని ధర్మశాస్త్ర పండితులు చెబుతారు. తేల్చుకోకుండా పని చేయించుకుంటే, అలాంటి పనికి ఆ ఊళ్ళో మామూలుగా ఇచ్చే కూలీ ఇవ్వవలసి ఉంటుంది. దీన్ని ఉజ్రతె మిస్ల్ అంటారు. అతను నెమ్మదిగా చేస్తాడనుకుంటే, చేసిన పనిని లెక్కగట్టి, అందరికీ ఇచ్చే రేటే అతనికీ ఇవ్వండి. లోకువ కట్టి తగ్గించకండి.

మరో ముఖ్య విషయం. కొందరు రమజాన్‌లో ఇతని చేతిలో కొంత సొమ్ము పెట్టి, అది జకాత్ అనుకుంటారు. వేతనం మనం అతనికి చెల్లించవలసిన బాకీ. బాకీని జకాత్‌గా లెక్కించటం కుదరదు. అతను జకాత్‌కు అర్హుడైతే, పూర్తి కూలీ చెల్లించిన తర్వాత, పనితో ఏ సంబంధం లేకుండా విడిగా ఇవ్వాలి.

ఇంటివారికి కూడా ఒక మాట. అతని సంపాదన అతనిదే. అన్న గానీ, బావ గానీ సొంతానికి వాడుకునే సొమ్ము కాదు. రుణపత్రాల గురించి వచ్చిన ఆయతులో (బఖరా సూరా, 282), అప్పు తీసుకున్నవాడు బుద్ధి బలహీనుడైతే అతని తరఫున సంరక్షకుడు న్యాయంగా రాయించాలని అల్లాహ్ ఆదేశించాడు. నిసా సూరా ఆరంభంలో, అలాంటి వారికి ఆ సొమ్ముతో అన్నవస్త్రాలు సమకూర్చి, వారితో మంచిగా మాట్లాడమన్నాడు. సంరక్షకుడు యజమాని కాడు, అతను అమానత్‌దారుడు మాత్రమే.

పని నేర్పటం ఎలా?

పనివారిపై వారి శక్తికి మించిన భారం వేయవద్దని, వేస్తే తోడ్పడమని ప్రవక్త (సఅసం) బోధించారు. ఈ తోడ్పాటును ఆచరణలో పెట్టటం కష్టమేమీ కాదు. బేకరీలో పెట్టెలు మడిచే పనిని నాలుగైదు చిన్న మెట్లుగా విడగొట్టండి. ఒకసారికి ఒకే మెట్టు చేసి చూపండి. మాటతో అర్థం కాకపోతే బొమ్మలతో చూపండి. రోజూ ఒకే వేళ, ఒకే చోటు, ఒకే వరుస ఉండనివ్వండి. మొదట్లో ఒక అనుభవజ్ఞుడు పక్కనే ఉండి నేర్పి, క్రమంగా దూరం జరగాలి. ఆటిజం ఉన్నవారిలో కొందరికి పెద్ద శబ్దాలు భరించరానివి. వారికి మిక్సీకి, జనరేటరుకు దూరంగా పని ఇవ్వండి.

చట్టం కల్పించిన రక్షణ

మన దేశంలో 1995 నాటి వికలాంగుల చట్టం ప్రభుత్వోద్యోగాల్లో 3 శాతం రిజర్వేషన్ ఇచ్చినా, మేధోవైకల్యం ఉన్నవారికి అందులో వాటా దక్కలేదు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం దాన్ని 4 శాతం చేసింది. అందులో 1 శాతాన్ని ఆటిజం, మేధోవైకల్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, మానసిక రుగ్మత, బహుళ వైకల్యాలు ఉన్నవారికి ఉమ్మడిగా కేటాయించింది. వికలాంగుణ్ణి నలుగురిలో ఉద్దేశపూర్వకంగా అవమానించటం ఈ చట్టం ప్రకారం జైలుశిక్షకు తగిన నేరం. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాల్లో స్థానిక కమిటీలు ఉంటాయి. 18 ఏళ్ళు నిండినవారికి సంరక్షకుణ్ణి నియమించేది అవే. ఆ సంరక్షకుడు ఆస్తి వివరాలు సమర్పించి, ఏటా లెక్క చూపాలి. "మా తర్వాత మా బిడ్డ గతి ఏమిటి?" అని కుమిలిపోయే తల్లిదండ్రులు ఈ దారి తెలుసుకోవాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ కూడా మనకు అందుబాటులోనే ఉంది.

మనం ఏం చేయాలి?

మస్జిదు కమిటీలు తమ మహల్లాలో ఇలాంటివారు ఎందరున్నారో తెలుసుకోవాలి. వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు ఇప్పించాలి. నిజాయితీపరుడైన దుకాణదారు వద్ద పని కుదిర్చి, నెలకొకసారి వెళ్ళి కూలీ అందుతోందా, ఎవరైనా కొడుతున్నారా, తిడుతున్నారా అని విచారించాలి. వ్యాపారులు ఈ రోజే పాత లెక్క తీయాలి. ఎన్నేళ్ళ కూలీ బాకీ ఉందో చూసి అతనికి చెల్లించాలి. అతను మరణించి ఉంటే వారసులకు చేర్చాలి. తౌబా చేసుకున్నంత మాత్రాన ఎదుటివాడి హక్కు తీరిపోదు.

మనలోని బలహీనుల వల్లనే మనకు దైవసహాయం, జీవనోపాధి లభిస్తున్నాయని ప్రవక్త (సఅసం) తెలియజేశారు. మనం అతన్ని పోషిస్తున్నామని భ్రమపడతాం. ఎవరి వల్ల ఎవరికి అన్నం దొరుకుతోందో అల్లాహ్‌కే తెలుసు.

మా ప్రభూ! బలహీనుల హక్కును గుర్తించే హృదయాన్ని, దాన్ని పూర్తిగా చెల్లించే ధైర్యాన్ని మాకు ప్రసాదించు. ఎవరి కూలీనీ మెడకు తగిలించుకుని నీ సన్నిధికి వచ్చే దుస్థితి నుంచి మమ్మల్ని కాపాడు. ఆమీన్.