అవ్వకు అద్దాల పెట్టె చాలునా?



మా గట్టు మండలంలో ఒక అవ్వ ఉంది. డెబ్బై దాటినయి. పేరు రాస్తే ఆమెకు నచ్చదు, అందుకే రాయను. నడిగడ్డలో మన ఆడవాళ్లు చానామంది లెక్కనే ఆమె కూడా సీడు పత్తి చేన్లలోనే నడుము వంచింది. సాయంత్రం మొగ్గలు గిల్లుడు, తెల్లారి పువ్వు పువ్వుకూ పుప్పొడి అంటించుడు. ఇప్పుడు మోకాళ్లు లేవవు. నాగపూర్ పోయి దీక్షాభూమి చూడాలన్నది ఆమె ఆశ. ఏటా దసరాకు మనవాళ్లు ప్రయాణమైతుంటే "వచ్చే ఏడు నేనూ వస్త" అనేది. ఆ వచ్చే ఏడు ఇంకా రాలేదు.

మొన్న బెంగళూరులో నౌకరి చేసే మన పిల్లగాడొకడు ఒక అట్టపెట్టె తెచ్చిండు. దానికి రెండు అద్దాలు, ముందర ఫోను పెట్టే సందు ఉన్నయి. గూగుల్ వాళ్లు 2014లో బయటికి తెచ్చిన రకం. కళ్లకు ఆనించుకుంటే మనమే ఆ చోట నిలబడ్డట్టు ఉంటది, తల ఎటు తిప్పితే అటు కనపడతది. దీన్నే వర్చువల్ రియాలిటీ అంటున్నరు. అవ్వను గోడకు ఆనించి కూసోబెట్టి పెట్టె పెట్టినం. దీక్షాభూమి స్తూపం, చుట్టూ జనం. అవ్వ చేతులు జోడించింది. బుగ్గల మీదికి నీళ్లు కారినయి. నేను వీడియో తీసి మన గ్రూపుల పెట్టిన. పొద్దుగూకే సరికి జైభీములతో గ్రూపు నిండింది.

పెట్టె తీసినంక అవ్వ అన్న మాట మాత్రం గ్రూపుల పెట్టలేదు. "అంతమంది ఉన్నరు గదరా, ఒక్కరన్న నన్ను జూసి అవ్వా అనలేదేంది?" అన్నది.

ఆ మాట గురించే ఈ నాలుగు పేజీలు.

ఆదివారం బుద్ధవందన అయినంక ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, ఇది ఉత్త మాయ గదా, మన ధమ్మం దీన్ని ఒప్పుకుంటదా?" నాకైతే ఇది పెద్ద చిక్కు కాదు. అది బొమ్మ అని అవ్వకు తెలుసు. తెలిసి చూసేది అబద్ధం కాదు. మతిమరుపు జబ్బు వచ్చిన మనిషికి అదే పెట్టె పెట్టి "ఇదిగో నువ్వు నాగపూర్‌ల ఉన్నవ్" అని నమ్మిస్తే అప్పుడు నాలుగో శీలం అడ్డం వస్తది. 2020లో దక్షిణ కొరియాలో ఒక టీవీ వాళ్లు చనిపోయిన పిల్ల రూపాన్ని కంప్యూటర్‌లో తయారు చేసి, తల్లికి ఇటువంటి అద్దాలలో చూపించిండ్రు. ఆ తల్లిని నేను ఒక్క మాట అనను. కానీ బిడ్డ శవాన్ని ఎత్తుకొని వచ్చిన కిసాగోతమికి బుద్ధుడు బతికున్న బిడ్డ రూపం చూపలేదు. చావు ఎరగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మన్నడు. ఆమె ఇల్లిల్లూ తిరిగింది, ప్రతి ఇంట్లో ఒక మనిషితో మాట్లాడింది. ఆమె దుఃఖం తీరే తొవ్వ ఆ మనుషుల మధ్య నుంచే పోయింది.

యంత్రాన్ని తిట్టుడు నా పని కాదు. బాబాసాహెబ్ ఎప్పుడూ యంత్రానికి శత్రువు కాదు. పక్షవాతం వచ్చినోళ్లకు ఇది పనికొస్తది. తెరమీద పండు కనపడితే చెయ్యి చాపి తెంపాలె, ఆట లెక్క పదిసార్లు, యాభైసార్లు. కోక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధకుల సంస్థ 2017లో ఇటువంటి 72 ప్రయోగాలు, 2,470 మంది రోగుల లెక్కలు కలిపి చూసింది. మామూలు వ్యాయామ చికిత్స తీసేసి దాని బదులు వర్చువల్ రియాలిటీ, వీడియో ఆటలు పెడితే చెయ్యి పని అంతకన్నా ఎక్కువేమీ బాగుపడలేదు. చికిత్స ఉండంగ దానికి తోడుగా పెడితే మాత్రం చేతిలో, రోజువారీ పనులలో కొంత మేలు కనపడింది. బట్టలు కట్టుకునుడు, ముద్ద నోట్లె పెట్టుకునుడు ముసలితనంలో చిన్న పనులు కావు. మీరు ఆ "బదులు", "తోడు" అనే రెండు మాటలు పట్టుకోండి. అమెరికాలో బోస్టన్ దగ్గర మొదలైన రెండెవర్ అనే కంపెనీ వృద్ధాశ్రమాలకు ఈ అద్దాలు ఇస్తది. వాళ్లు కూడా పదిమందిని ఒక్క చోట కూసోబెట్టి, అందరికీ ఒకే చోటు ఒకేసారి చూపించి, చూసినదాని మీద ముచ్చట పెట్టిస్తరు. ఒంటరితనానికి మందు ఆ ముచ్చటలోనే ఉందని వాళ్లకూ అర్థమైంది.

మనం అవ్వతోని ముచ్చట పెట్టినమా? లేదు. వీడియో తీసినం, వచ్చేసినం.

వినయ పిటకంలోని మహావగ్గంలో ఒక సంగతి ఉంది, మీలో చానామంది విన్నదే. ఒక భిక్షువు కడుపు జబ్బుతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్నడు. ఎవరూ చూస్తలేరు. ఎందుకని బుద్ధుడు అడిగితే, అతను భిక్షువులకు ఏ పనికీ రాడు, అందుకే చూడటం లేదన్న జవాబు వచ్చింది. ఇంట్లో ముసలోళ్ల గురించి మనం నోరు తెరిచి అనం గానీ, మన నడత కూడా ఆ జవాబే చెబుతది. బుద్ధుడు ఉపదేశం తర్వాత ఇచ్చిండు. ముందు ఆనందుణ్ని నీళ్లు తెమ్మన్నడు. తాను నీళ్లు పోసిండు, ఆనందుడు కడిగిండు. తాను తల దిక్కు, ఆనందుడు కాళ్ల దిక్కు పట్టి మంచం మీదికి చేర్చిండ్రు. నాకు సేవ చేయాలనుకునేటోడు రోగికి సేవ చేయాలని ఆ తర్వాతనే చెప్పిండు.

ఆ కథలో ముట్టుకునుడు ఉంది. మన అవ్వలను, తాతలను ఊరు ముట్టుకోలేదు. దోసిట్లకు పైనుంచి నీళ్లు వంచింది. కూలి పైసలు కింద ఏసింది. ఇయ్యాల వాళ్లు మంచాన పడితే, వాళ్ల సొంత పిల్లలం మనం కూడా ముట్టుకోకుండనే సంతోషపెట్టే ఒక పెట్టె దొరికిందని సంబరపడితే, దానికి ఏం పేరు పెట్టాలె? నేను మనసులో ఒక పేరు పెట్టుకున్న. రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఇంకో ముచ్చట. అవ్వ బిడ్డ హైదరాబాద్‌లో ఒక ఇంట్లో ముసలమ్మను చూసుకునే పని చేస్తది. స్నానం పోసుడు, డైపర్లు మార్చుడు, రాత్రి పక్కన పండుకునుడు. పాలమూరు వలస ఇదివరకు మట్టి మోసింది, రాళ్లు కొట్టింది. ఇప్పుడు పట్నంలో ముసలోళ్ల వీపులు కూడా రుద్దుతున్నది. ఇక్కడ ఈ తల్లి వీపు రుద్దే చెయ్యి లేదు. బిడ్డది తప్పు అందామా? అవ్వకు వచ్చే ఆసరా పింఛను నెలకు 2,016 రూపాయలు, ఏడాదికి 24,192. మంచి హెడ్‌సెట్ ఒకటి కొనాలన్నా దాదాపు అంత కావాలె. ఆ పైసల మీద ఇద్దరు బతకలేరు. చేతులకు పట్నం కూలి ఇస్తది, ఊరు ఇయ్యదు. అద్దాల పెట్టె ఈ లెక్కను మార్చలేదు, మార్చినట్టు మనల్ని నమ్మిస్తే మాత్రం నష్టమే.

ఒక్కడే ఉన్నోడికి ధమ్మంతో పనిలేదని, ఇద్దరు మనుషులు కలిసి బతకాల్సి వచ్చిన చోటనే ధమ్మం కావాల్సి వస్తదని బాబాసాహెబ్ వాదన. 1957లో అచ్చయిన "బుద్ధుడు - ఆయన ధమ్మం" గ్రంథంలో ఉంది, తీసి చదవండి. పెట్టె లోపల అవ్వ ఒక్కతే. వేలమంది కనపడినా ఒక్కతే. ఆమె ఆ సంగతి మనకంటే ముందు కనిపెట్టింది.

అట్లని పెట్టెను పారేయలేదు. అది మా ఇంట్లోనే ఉంది, ఎవరైనా తీసుకపోవచ్చు. కొన్ని షరతులు పెట్టిన. అడగకుండా ఎవరి కళ్లకూ పెట్టొద్దు. నిలబెట్టి చూపొద్దు, తల తిరిగి పడితే తుంటి ఎముక విరుగుతది. పది నిమిషాలు మించొద్దు. తీసుకపోయినోళ్లు ఒక గంటన్న కూసోవాలె, వేడినీళ్లు కాచి పోయాలె, గోళ్లు తీయాలె. ఇప్పటిదాకా ముగ్గురు తీసుకపోయిండ్రు, ఒకాయన గోళ్ల షరతు విని నవ్వి పెట్టె ఈడనే పెట్టి పోయిండు.

పోయిన వారం నేను పెట్టె లేకుండా అవ్వ దగ్గరికి పోయిన. నీళ్లు నేనే కాచిన, పక్కింటి వదిన స్నానం పోసింది. తల ఆరబెట్టుకుంటా అవ్వ అడిగింది: "దాంట్లె నా బిడ్డ పని చేసే ఇల్లు జూపిస్తవా? ఏడ పండుకుంటదో జూడాలె."

ఆ రాత్రి బిడ్డకు ఫోన్ చేసిన. ఇంటోళ్లు వీడియో తీయనియ్యరన్నది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగ అన్నది, "ఈ ముసలామె నిద్రపోయినంక నేనే ఫోన్ తిప్పి చూపిస్తలే అన్నా. నువ్వు ఆడ అమ్మ పక్కనే ఉండు, ఆమెకు ఫోను పట్టుకోరాదు."