ఆట విరమించినవారికి దక్షిణ

శాలువా కప్పి, పూలమాల వేసి, సన్మానపత్రం చదివి, జ్ఞాపిక చేతికిచ్చే సభ గోదావరి డెల్టా ఊళ్ళకు కొత్తది కాదు. అవధానికీ, హరికథకుడికీ, ఘనపాఠికీ, రంగస్థల నటుడికీ ఈ ప్రాంతం తరతరాలుగా ఆ మర్యాద జరుపుతూనే ఉంది. వీరి విషయంలో సన్మానానికి కారణం సులభంగానే తెలుస్తుంది. వయసు పైబడినా విద్య వీరిని విడిచిపోదు, ఎనభై ఏళ్ళ ఘనపాఠి ఈనాటికీ సభలో కూర్చుని పనస చెప్పగలడు. ఫుట్‌బాల్ ఆటగాడి సంగతి వేరు. అతని విద్య కాళ్ళలో, ఊపిరిలో, చూపులో ఉంటుంది; ముప్పై అయిదేళ్ళు వచ్చేసరికి ఆ కాళ్ళు మైదానం విడిచి వస్తాయి, సాధించిన గెలుపు మరుసటి ఏటి పోటీతో పాతబడుతుంది, అతని ఆట చూసినవారు కూడా ఒక్కొక్కరే తగ్గిపోతారు. అటువంటి వృద్ధుడిని వేదిక మీదికి పిలిచినప్పుడు సమాజం నిజానికి దేన్ని గౌరవిస్తున్నది అన్న ప్రశ్న పుడుతుంది. గతించిన ఫలాన్నా, ఎదుట ఉన్న మనిషినా, లేక ఫలంతో నిమిత్తం లేని మరొకదాన్నా అన్నది ధర్మశాస్త్రమూ వేదాంతమూ కలిసి విచారించవలసిన విషయం.

గౌరవానికి ఆధారమయ్యే వాటిని మనుస్మృతి రెండవ అధ్యాయం మాన్యస్థానాలు అన్న పేరుతో అయిదుగా చెప్పింది. ధనం, బంధుబలం, వయస్సు, కర్మ, విద్య అన్నవి ఆ అయిదు. వీటిలో ముందు చెప్పినదాని కంటే తరువాత చెప్పినది గొప్పదని కూడా అక్కడే ఉంది. ఆ వెంటనే వచ్చే శ్లోకం ఈ ప్రమాణాన్ని వర్ణాల వారీగా కుదించి, శూద్రుడికి తొంభై ఏళ్ళు దాటితేనే గౌరవార్హత అనడం నేటి సమాజం అంగీకరించరాని విషయం, ఆ కుదింపును తోసిపుచ్చడమే న్యాయం. దాన్ని తొలగించి చూసినప్పుడు మాత్రం ఈ వరుస క్రమం ఆలోచింపదగినది. ధనాన్నీ బంధుబలాన్నీ అట్టడుగున ఉంచి, చేసిన పనినీ నేర్చిన విద్యనూ పైన ఉంచిన ఈ లెక్క ప్రకారం, నెలజీతం మీద బతికి, పేరు గల వంశమేదీ లేకుండా, జీవితమంతా ఆడి, ఆ తరువాత పిల్లలకు ఆట నేర్పిన మనిషికి వయస్సు, కర్మ, విద్య అనే మూడు అర్హతలూ ఒక్కసారే ఉన్నాయి. గోల్ చేశాడా, కప్పు గెలిచాడా అన్న ప్రశ్న ఈ అయిదింటిలో ఎక్కడా లేకపోవడం గమనించవలసిన సంగతి.

దీనికి ఒక బలమైన ఆక్షేపం ఉంది. కర్మ చేయడం వరకే మనిషికి అధికారమనీ, ఫలం మీద దృష్టి నిలపరాదనీ భగవద్గీత బోధించినప్పుడు, సన్మానం కూడా ఒక ఫలమే కాబట్టి దాన్ని ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ ఆ బోధకు విరుద్ధం కావా అని అడగవచ్చు. ఇందాక చెప్పిన మనుస్మృతే మరొకచోట బ్రాహ్మణుడు సన్మానాన్ని విషంలా భావించి భయపడాలనీ, అవమానాన్ని అమృతంలా కోరుకోవాలనీ అన్నది. అయితే ఈ నిషేధం ఎవరికి చెప్పబడిందో చూసినప్పుడు చిక్కు విడిపోతుంది. కోరికను విడిచిపెట్టమన్న ఉపదేశం పని చేసినవాడికి. ఆ పని వల్ల మేలు పొందినవాడికి అది వర్తించదు. కోరకుండా ఉండటం ఒకరి ధర్మమైతే, మరువకుండా ఉండటం ఇంకొకరి ధర్మం. ఆటగాడి నిష్కామాన్ని సాకుగా పెట్టుకుని సమాజం తన బాధ్యత నుంచి తప్పుకుంటే, అది వేదాంతాన్ని స్వప్రయోజనానికి వాడుకోవడమే అవుతుంది. అదే గీత మూడవ అధ్యాయంలో, దేవతలు ఇచ్చినదాన్ని అనుభవిస్తూ వారికి తిరిగి ఇవ్వనివాడు దొంగే అన్న కఠినమైన మాట కూడా ఉంది.

ఈ తిరిగి ఇవ్వడాన్నే వైదిక వాఙ్మయం ఋణం అన్నది. మనిషి పుట్టుకతోనే దేవతలకూ, ఋషులకూ, పితరులకూ ఋణపడి ఉంటాడని తైత్తిరీయ సంహిత చెప్పగా, శతపథ బ్రాహ్మణం తోటి మనుషులకు తీర్చవలసిన నాలుగవ ఋణాన్ని కూడా చేర్చింది. వాల్మీకి రామాయణం మొదటి సర్గలోనే, ఈ లోకంలో ఇప్పుడున్నవారిలో గుణవంతుడెవరని వాల్మీకి నారదుణ్ణి అడిగినప్పుడు ఆ గుణాల జాబితాలో కృతజ్ఞత, అనగా పొందిన మేలును గుర్తుంచుకునే గుణం, ధర్మజ్ఞత పక్కనే చోటు చేసుకుంది. మనుషులకు కృతజ్ఞత చూపనివాడు దేవుడికీ కృతజ్ఞుడు కాడని ఇస్లాం సంప్రదాయంలో ప్రవక్త మాటగా హదీసుల్లో నమోదైంది. భిన్న మతాలు ఇంత దగ్గరగా వచ్చే విషయాలు తక్కువ.

ఋణం ఒకరికైతే తీర్చడం తేలిక. పదకొండు మంది కలిసి ఆడిన ఆటలో, ఆడక బయట కూర్చున్నవారు, శిక్షణ ఇచ్చినవారు కూడా ఉన్నప్పుడు, ఎవరికి ఎంత అన్న చిక్కు వస్తుంది. ధర్మశాస్త్రం దీన్ని సంభూయ సముత్థానం అన్న వ్యవహారపదం కింద, అంటే కొందరు కలిసి ఒక పనికి పూనుకున్నప్పుడు పుట్టే హక్కుల విచారణ కింద చర్చించింది. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయం దీనికి యజ్ఞాన్నే ఉదాహరణగా తీసుకుంది. సోమయాగంలో పదహారు మంది ఋత్విక్కులు ఉంటారు. హోత, అధ్వర్యుడు, ఉద్గాత, బ్రహ్మ అనే నలుగురు ముఖ్యులు, ఒక్కొక్కరి వెనుక ముగ్గురేసి సహాయకులు. నూరు ఆవులు దక్షిణ అయితే ముఖ్యులకు పన్నెండేసి, వారి తరువాతివారికి ఆరేసి, మూడవ వరుసకు నాలుగేసి, నాలుగవ వరుసకు మూడేసి వస్తాయని వ్యాఖ్యాతలు లెక్క కట్టారు. సోమయాజులన్న పేరు ఇప్పటికీ వినిపించే డెల్టా గ్రామాలకు ఈ పంపకం పరాయిది కాదు. ఇందులో రెండు సంగతులు ముఖ్యం. సోమలతను నూరే రాళ్ళను స్తుతించడమే పనిగా గల గ్రావస్తుత్తుకు కూడా భాగం ఉంది, వట్టి చేతులతో వెళ్ళేవాడు ఎవడూ లేడు. కలిసి పనిచేసే ఇతరులందరికీ ఈ పద్ధతిలోనే భాగాలు నిర్ణయించాలని స్మృతి ఆ ప్రకరణాన్ని ముగించింది కాబట్టి, దీన్ని యాగశాల దాటి మైదానానికి అన్వయించడం స్మృతి అభిప్రాయానికి విరుద్ధం కాదు.

తెలుగు నేల మీద ఈ అన్వయానికి తగిన ఉదాహరణ హైదరాబాదు ఫుట్‌బాల్. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడుగా పనిచేశాడు. ఆ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానానికి చేరింది. బంతిని కాలి దగ్గరే ఉంచుకుని ఒంటరిగా దూసుకుపోయే డ్రిబ్లింగును నిషేధించిన పోటీలు కూడా ఆయన నడిపాడు. బంతి అందగానే తోటివాడికి ఇవ్వక తప్పని ఆ నిబంధన పైకి ఆటలోని మెలకువలా కనిపించినా, నాది అన్న భావాన్ని కాళ్ళ నుంచే వదిలించే సాధన అని దాన్ని అర్థం చేసుకోవడం అతిశయోక్తి కాదు. భగవద్గీత చదవడం కంటే ఫుట్‌బాల్ ఆడటం వల్ల స్వర్గానికి దగ్గరవుతారని 1897లో మద్రాసు యువకులతో వివేకానందస్వామి అన్నప్పుడు ఆయన దృష్టిలో ఉన్నది దేహబలం. రహీమ్ ఆటలో అహంకార నిగ్రహానికి కూడా చోటు చూపాడు.

ఆ సాధనకు పరీక్ష 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఎదురైంది. తైవాన్, ఇజ్రాయెల్ దేశాలను క్రీడలకు రానివ్వకపోవడాన్ని ఒక భారతీయ ప్రతినిధి విమర్శించినందుకు ఆగ్రహించిన ప్రేక్షకులు భారత ఆటగాళ్ళను అడుగడుగునా గేలి చేశారు. మొదటి మ్యాచ్‌లోనే జట్టు దక్షిణ కొరియా చేతిలో రెండు గోల్స్ తేడాతో ఓడింది. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అయినా రహీమ్ అతణ్ణి సొంత చోటు నుంచి తప్పించి ముందు వరుసలో ఆడించాడు, అతడు మారు మాట్లాడకుండా ఆ కుట్లతోనే ఆడి సెమీఫైనల్లోనూ ఫైనల్లోనూ గోల్ చేశాడు. సెప్టెంబర్ 4న జరిగిన ఫైనల్లో జ్వరం నుంచి తేరుకున్న పీటర్ తంగరాజ్ గోల్‌కీపరుగా తిరిగి రావడంతో, అంతకు ముందు గోల్ కాచిన ప్రద్యుత్ బర్మన్ బయట కూర్చోవలసి వచ్చింది. పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోల్ చేయగా భారత్ 2-1తో అదే కొరియాను ఓడించింది. అప్పటికే క్యాన్సర్ పట్టి పీడిస్తున్న రహీమ్ 1963 జూన్ 11న మరణించాడు. ఈ గెలుపులో గోల్స్ చేసిన ఇద్దరి పేర్లు పట్టికలో ఉంటాయి. అయితే చోటు మార్చుకున్నవాడు, చోటు ఇచ్చినవాడు, బంతి అందించినవాడు లేకుండా ఆ రెండు పేర్లకు ఆధారమే లేదు. ముస్లిం గురువు, సిక్కు, క్రైస్తవ, హిందూ శిష్యులు కలిసి సాధించిన ఈ ఫలాన్ని ఎవరికి వారు విడదీసుకోవడం సాధ్యపడేది కాదు.

ఫలమే ప్రమాణమైతే రహీమ్ కుమారుడు సయ్యద్ షాహిద్ హకీమ్‌కు చరిత్రలో చోటు దొరకదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన జట్టులో అతడు ఉన్నాడు, శిక్షకుడు కన్నతండ్రే, అయినా ఒక్క మ్యాచ్‌లో కూడా ఆడే అవకాశం రాలేదు. కుమారుడికి చోటివ్వని ఆ తండ్రి నిష్పక్షపాతం, అలిగి ఆట వదలని ఆ కుమారుడి నిష్ఠ రెండూ సమానంగా గౌరవార్హమైనవి. హకీమ్ వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడరయ్యాడు, అంతర్జాతీయ రిఫరీగా మ్యాచ్‌లు నడిపాడు, 1982 ఆసియా క్రీడల్లో జాతీయ జట్టుకు సహాయ శిక్షకుడుగా ఉన్నాడు. 2017లో ఆయనకు ధ్యాన్‌చంద్ పురస్కారం వచ్చింది. 2002లో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన ఈ పురస్కారం ఆటగాడిగా చూపిన ప్రతిభను, ఆట విరమించిన తరువాత కూడా క్రీడకు చేసిన సేవను కలిపి లెక్కలోకి తీసుకునేది. 2011లో ఆ పురస్కారం పొందిన తొలి ఫుట్‌బాల్ ఆటగాడు షబ్బీర్ అలీ కూడా హైదరాబాదువాడే. ఫలం ఇచ్చినదానికంటే ఫలం ముగిసిన తరువాత కొనసాగినది పెద్ద కర్మ అన్న విచక్షణ ఒక ప్రభుత్వ నిబంధనలో చోటు చేసుకోవడం మెచ్చుకోదగిన విషయం.

సమష్టిగా చేసిన పనికి సమష్టిగానే స్మరణ జరపాలన్న భావం పశ్చిమ గోదావరి జిల్లా పెనుగొండకు బాగా తెలుసు. వైశ్యులు కాశీగా భావించే ఆ ఊళ్ళో నగరేశ్వరస్వామి ఆలయంతో పాటు కొలువుదీరిన వాసవీ కన్యకాపరమేశ్వరి కథలో, తనను బలవంతంగా పెళ్ళాడదలచిన విష్ణువర్ధనుడి మీద యుద్ధం వద్దని వారించి, అహింసను ఎంచుకుని, వాసవి అగ్నిప్రవేశం చేస్తుంది. ఆ కథ ప్రకారం 714 గోత్రాలవారిలో ఆమె మాటకు కట్టుబడి నిలిచినవి 102 గోత్రాలు, ఆ దంపతులు ఆమెతో పాటే అగ్నిలో ప్రవేశించారు. మాఘ శుద్ధ విదియనాడు ఆత్మార్పణ దినం జరుపుకునేటప్పుడు భక్తులు అమ్మవారిని ఒక్కదాన్నే తలచుకోరు. ఆ 102 గోత్రాల పేర్లూ వరుసగా సంప్రదాయంలో నిలిచి ఉన్నాయి, తమ గోత్రం అందులో ఉన్నవారు తామూ ఆ నిర్ణయంలో భాగమని భావిస్తారు. ఆత్మార్పణకూ ఆటకూ పోలిక పెట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు, ఆ రెండింటి బరువు వేరు. నాయకురాలితో పాటు నడిచినవారి పేర్లను కూడా జారవిడవని ఆ స్మరణ పద్ధతి మాత్రం సన్మానం చేసేవారందరూ నేర్చుకోదగినది.

ఇక సన్మానం ఎప్పుడు, ఏ రూపంలో అన్నది మిగిలింది. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పేద కుటుంబంలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరామ్ రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్స్ చేశాడు, జకార్తా ఫైనల్లో ఆడాడు, అర్జున పురస్కారం అందుకున్నాడు. ఊపిరితిత్తుల పొరకు సోకే ప్లూరసీ వ్యాధి వల్ల ముప్పై ఏళ్ళు నిండకుండానే ఆట విడిచిపెట్టవలసి వచ్చింది. ఆ తరువాత ఆయన దాదాపు ఆరు దశాబ్దాలు జీవించి, 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశాడు. ఆడిన కాలం కంటే ఆడని కాలం ఎన్నో రెట్లు పెద్దది. ఆటగాడి జీవితంలో సమాజానికి పని పడేది ఆ పెద్ద భాగంలోనే. మోకాలి నొప్పికి వైద్యం, కాస్తంత పింఛను, నేర్పడానికి నలుగురు పిల్లలు, వచ్చి పలకరించే ఒకరిద్దరు, ఇవి ఆ కాలంలో శాలువా కంటే ముందు కావలసినవి. మరణానంతరం పెట్టే విగ్రహం ఋణం తీర్చినట్టు కాదు, ఎందుకంటే దక్షిణ అన్నది యజ్ఞం చేయించినవాడు ఋత్విక్కు ఉండగానే అతని చేతికి ఇవ్వవలసినది.

పెనుగొండలోనైనా, తణుకులోనైనా, పాలకొల్లులోనైనా ఏ హైస్కూలు మైదానంలో ఏ జట్టు ఆడినా, ఏళ్ళ తరబడి ఆ జట్టును నడిపిన డ్రిల్లు మాస్టరు, గోల్ ముందు నిలబడినవాడు, చివరిదాకా పిలుపు రాక గీత బయటే కూర్చున్నవాడు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉంటారు. వచ్చే ఏడు సన్మాన సభ తలపెట్టే సంఘాలవారు ఒక్క కెప్టెన్‌ను మాత్రమే పిలవకుండా ఆ జట్టు పాత పట్టిక తెప్పించి, రిజర్వు ఆటగాళ్ళతో సహా అందరి పేర్లూ చదివి, రాలేని స్థితిలో ఉన్నవారి ఇంటికి తామే వెళ్ళి ఆ మర్యాద జరపాలి.